రాజ్యాంగంలో 35, రాష్ట్రపతి భవన్‌లో 64

మన రాజ్యాంగంలో 58వ అధికరణ ప్రకారం రాష్ట్రపతి కావాలంటే భారత పౌరులై ఉండాలి, 35 ఏళ్ళు నిండాలి, లోక్‌సభకి పోటీ చేసే అర్హత ఉండాలి. గరిష్ఠ వయసు అంటూ ఏమీ లేదు. అంటే 19 ఏళ్ళున్న మనకి ఇంకో పదహారేళ్ళలో వయసు అర్హత వచ్చేస్తుంది. కానీ 1950 నుంచి 2022 దాకా ప్రమాణం చేసిన 15 మందిలో 64 ఏళ్ళ లోపు వాళ్ళు ఒక్కరూ లేరు (తాత్కాలికంగా బాధ్యతలు చూసినవాళ్ళని ఇక్కడ లెక్కేయట్లేదు). రాసుకున్న అంకెకీ జరిగినదానికీ మధ్య 29 ఏళ్ళ తేడా ఉంది. అది ఎందుకు వచ్చిందో చూద్దాం.

ముందు డేటా. మొదటిసారి ప్రమాణం చేసిన రోజుకి నిండిన వయసులు వరసగా ఇవి: రాజేంద్రప్రసాద్ 65, రాధాకృష్ణన్ 73, జాకీర్ హుస్సేన్ 70, వి.వి. గిరి 75, ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ 69, నీలం సంజీవరెడ్డి 64, జైల్ సింగ్ 66, వెంకట్రామన్ 76, శంకర్ దయాళ్ శర్మ 73, కె.ఆర్. నారాయణన్ 76, అబ్దుల్ కలాం 70, ప్రతిభా పాటిల్ 72, ప్రణబ్ ముఖర్జీ 76, రామ్‌నాథ్ కోవింద్ 71, ద్రౌపది ముర్ము 64. సగటు 70.7, మీడియన్ 71. రెండూ దాదాపు ఒకటే. అంటే ఎవరో ఒకరిద్దరి వల్ల సగటు పెరిగిపోలేదు, అందరూ ఆ చుట్టుపక్కలే ఉన్నారు.

ఇందులో సంజీవరెడ్డి, ముర్ము ఇద్దరికీ 64. మరి చిన్నవాళ్ళు ఎవరు? ఏళ్ళ దగ్గర ఆగిపోతే టై. రోజుల్లోకి వెళ్తే తేలుతుంది. 1977 నుంచి ప్రతి రాష్ట్రపతీ జులై 25నే ప్రమాణం చేస్తున్నారు కాబట్టి లెక్క తేలిక. సంజీవరెడ్డి పుట్టింది 1913 మే 19న, అంటే 64 ఏళ్ళ 67 రోజులు. ముర్ము 1958 జూన్ 20న, అంటే 64 ఏళ్ళ 35 రోజులు. 45 ఏళ్ళు నిలిచిన రికార్డు 32 రోజుల తేడాతో మారింది.

అలాగని రోజుల లెక్కని మరీ నమ్మేయకూడదు. అందరిలోకీ పెద్ద వయసులో ప్రమాణం చేసింది నారాయణన్. ఆయన పుట్టినరోజు 1920 అక్టోబర్ 27 అని రికార్డుల్లో ఉంది. నిజానికి బడిలో చేర్చేటప్పుడు అసలు తేదీ తెలీని ఒక బంధువు ఆ తేదీ చెప్పేశారట. మన తాతల సర్టిఫికెట్లలో ఉన్న పుట్టినరోజుల కథే ఇది. ఇన్‌పుట్ అంత కచ్చితం కానప్పుడు అవుట్‌పుట్‌ని రోజుల్లో చెప్పినా అర్థం లేదు.

ఇక కారణం. రాష్ట్రపతిని మనం నేరుగా ఎన్నుకోం, ఎంపీలూ ఎమ్మెల్యేలూ ఎన్నుకుంటారు. అందరికీ ఆమోదమయ్యే పేరు కావాలంటే పార్టీలు సహజంగానే చాలాకాలం పనిచేసినవాళ్ళ వైపు చూస్తాయి. 15 మందిలో ఆరుగురు అంతకు ముందు ఉపరాష్ట్రపతులే. దీనికి దగ్గరి ఉదాహరణ మన సంజీవరెడ్డి గారే. 1969లో 56 ఏళ్ళకి పోటీ చేశారు. ఎదురుగా నిలబడింది మరో తెలుగువారు, వి.వి. గిరి, 75 ఏళ్ళ పెద్దాయన. గిరి గెలిచారు. సంజీవరెడ్డి అనంతపురం జిల్లాకి తిరిగొచ్చి వ్యవసాయం చూసుకున్నారు. మళ్ళీ 1977లో పోటీ లేకుండా ఎన్నికయ్యారు. ఆ రోజు ఓట్లు ఇంకోలా పడి ఉంటే మన లిస్టులో కనిష్ఠం 56 అయ్యేది.

ఇప్పుడు పదవి తర్వాత సంగతి. జాకీర్ హుస్సేన్, ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ పదవిలో ఉండగానే పోయారు. రాజేంద్రప్రసాద్ 77 ఏళ్ళకి దిగి పట్నాలోని సదాకత్ ఆశ్రమానికి వెళ్ళారు, పది నెలలు కూడా తిరక్కుండానే కన్నుమూశారు. వెంకట్రామన్ 81 ఏళ్ళకి దిగారు, ఇంకో పదహారున్నరేళ్ళు ఉండి 98 ఏళ్ళ వయసులో వెళ్ళిపోయారు. దిగేటప్పటి వయసు చూసి ఎవరైనా ఈ రెండూ ఊహించగలరా? ఇక్కడ సగటు తీయడం కూడా సరి కాదు. జీవించి ఉన్న మాజీల లెక్క ఇంకా పూర్తవలేదు. వాళ్ళని వదిలేసి తీస్తే ఎక్కువకాలం బతికేవాళ్ళనే వదిలేసినట్టు అవుతుంది.

ఆ మిగిలిన కాలంలో ఎవరి పని వాళ్ళు వెతుక్కున్నారు. వెంకట్రామన్, సంజీవరెడ్డి జ్ఞాపకాలు రాశారు. కోవింద్ జమిలి ఎన్నికల మీద వేసిన కమిటీకి అధ్యక్షత వహించి 2024లో నివేదిక ఇచ్చారు. కలాం 75 ఏళ్ళకి దిగి మళ్ళీ విద్యార్థుల దగ్గరికే వెళ్ళారు. ఎనిమిదేళ్ళ రెండు రోజుల తర్వాత, 2015 జులై 27న, షిల్లాంగ్ ఐఐఎంలో మాట్లాడుతూ కుప్పకూలిపోయారు. అప్పటికి ఆయనకి 83. ఆ సాయంత్రం ఆయన ఎదురుగా ఉన్నది కూడా మనలాంటి స్టూడెంట్సే.

అందుకే 70.7 అన్న అంకె మనకి ఆ పదవి గురించి చెప్తుంది, ఆ మనుషుల గురించి కాదు. ఎలాంటివాళ్ళని ఎప్పుడు పిలుస్తారో చెప్తుంది, పిలిచాక వాళ్ళకి ఎంత కాలం మిగిలిందో, దాంతో ఏం చేస్తారో చెప్పదు. ముర్ము గారి పదవీకాలం 2027 జులైతో ముగుస్తుంది. కొత్త పేరు బయటికి రాగానే పుట్టిన తేదీ వెతికి ఓసారి లెక్కేయండి. 64 ఏళ్ళ 35 రోజుల కన్నా తక్కువ వస్తే ఈ లిస్టు మళ్ళీ మార్చాలి.