తామర వ్యాధి – ప్రయోగశాల పరీక్ష

వసతిగృహములలో ఒకరి తువ్వాలు మరొకరు వాడుట వలన తామర వ్యాపించును. ఇది శిలీంధ్రజనితము. మచ్చ అంచున గీకిన పొలుసులపై పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణము వేసినచో కణజాలము కరిగి, శిలీంధ్ర తంతువులు సూక్ష్మదర్శినిలో కనిపించును. కాని అవి ఏ మందుకు లొంగునో ఈ పరీక్ష తెలుపజాలదు. అందులకు శిలీంధ్రమును సాబురాడ్ అగర్‌పై సుమారు 4 వారముల వరకు పెంచి, దాని పెరుగుదలను ఆపగల మందు యొక్క కనిష్ఠ గాఢతను కనుగొందురు.

2020లో నామకరణము పొందిన ట్రైకోఫైటాన్ ఇండోటినియే మన దేశమున విస్తరించినది. స్క్వాలీన్ ఎపాక్సిడేజ్ జన్యువులోని మార్పుల వలన వీటిలో పెక్కు టెర్బినాఫైన్‌కు లొంగవు. వైద్యుని అడుగక కొన్న స్టెరాయిడ్ లేపనము దురదను అణచి, వ్యాధిని మరుగుపరచి, శిలీంధ్రమును పెంచును. కావున విద్యార్థులు సిగ్గు విడిచి, లేపనమునకు ముందే పొలుసులను పరీక్ష చేయించుకొనవలెను.