నల్లా నీళ్ల వెనక అడవి

అఫ్జల్‌గంజ్, హైదరాబాద్.

చిరంజీవి వైదేహికి,

వర్షారణ్యాల మీద పరిశోధన చేయాలనుందని, మన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో కూర్చుని అమెజాన్ పుస్తకాలు తిరగేస్తున్నానని రాశావు. చాలా సంతోషం తల్లీ. 1891లో మొదలైన ఆ గ్రంథాలయం ఎందరికో దారి చూపింది, నీకూ చూపుతుంది. అయితే అమెజాన్ కన్నా ముందు మన నల్లా నీళ్ల వెంట ఎగువకు వెళ్లి చూడు.

నగరం తాగే నీళ్లలో పెద్ద వాటా కృష్ణమ్మది. నాగార్జునసాగర్ జలాశయం నుంచి తోడి తెస్తారు. సాగర్‌కు ఎగువన శ్రీశైలం, ఆ పైన సంగమేశ్వరం. అక్కడ కృష్ణలో కలిసే తుంగభద్ర వెంట కర్ణాటకలోకి వెళితే, కూడలి అనే ఊరి దగ్గర తుంగ, భద్ర రెండు పాయలుగా కనిపిస్తాయి. రెండూ పుట్టేది పడమటి కనుమల్లో, కుద్రేముఖ్ జాతీయ ఉద్యానంలోని గంగామూల దగ్గర. అవి వర్షారణ్యాలూ, ఎత్తైన లోయల్లో పెరిగే షోలా అడవులూ, పచ్చికబయళ్లూ ఉన్న కొండలు. ఇక్కడ మన బిందె నిండడంలో ఆ అడవులకూ పాత్ర ఉంది.

హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఆ కనుమల అంచున ఉన్న ఆగుంబెలో 7000 దాటుతుంది, అదీ ఎక్కువగా నాలుగు నెలల్లోనే. అంత వాన నేరుగా నేలను కొడితే మట్టి నిలవదు. అడవిలో చినుకు ముందు ఎత్తైన చెట్ల కొమ్మల మీద, తర్వాత కింది చెట్ల మీద, ఆపైన పొదల మీద పడి, జోరు తగ్గి, రాలిన ఆకుల్లో ఇంకుతుంది. వేళ్లు, చెదపురుగులు, వానపాములు చేసిన సందుల్లోంచి లోపలికి దిగుతుంది. వానలు వెలిశాక కూడా నెలల తరబడి వాగుల్లోకి ఊరుతుంది.

ఆ పచ్చదనం చూసి నేలంతా సారమే అనుకోకు. పోషకాలు చాలావరకు చెట్లలోనే ఉంటాయి. ఆకు రాలితే శిలీంధ్రాలు దాన్ని కుళ్లబెట్టి, ఆ సారాన్ని మళ్లీ వేళ్లకు అందిస్తాయి. చెట్లు నరికితే ఈ చక్రం తెగిపోయి, కొద్ది వానాకాలాల్లోనే నేల చచ్చుబడుతుంది. హార్న్‌బిల్ పక్షులు పండ్లు మింగి విత్తనాలను దూరదూరాన విడుస్తాయి. ఆ పక్షులను వేటాడితే పెద్ద చెట్లు నిలబడే ఉంటాయి గానీ వాటి మొలకలు తగ్గిపోతాయి. అందుకే చెట్ల లెక్క ఒక్కటే అడవి లెక్క కాదు.

కుద్రేముఖ్ చరిత్ర శ్రద్ధగా చదువు. అక్కడ ఇనుప ఖనిజం తవ్వేవారు. సింహపు తోక కోతుల మీద వన్యప్రాణి శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ చేసిన సర్వే, 1987లో జాతీయ ఉద్యానం ఏర్పడడానికి తోడ్పడింది. అయినా తవ్వకం ఆగలేదు. పరిరక్షకులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. తవ్వకం ఆపాలని 2002లో తీర్పు వచ్చింది, 2005 ఆఖరుకు గని మూతపడింది. వానాకాలంలో భద్ర నీళ్లు పట్టి బురదను కొలిచిన శాస్త్రవేత్తలకు, పరీవాహక ప్రాంతంలో చిన్న ముక్కయిన గని నుంచే ఆ బురదలో పెద్ద వాటా వస్తోందని తేలింది. ప్రేమతో మొదలైన పోరాటానికి బలం ఇలాంటి కొలతలే తల్లీ.

నువ్వూ అలాగే మొదలుపెట్టు. ఆగుంబెలో పాముల నిపుణుడు రోములస్ విటేకర్ 2005లో నెలకొల్పిన వర్షారణ్య పరిశోధన కేంద్రం ఉంది. అక్కడ రాచనాగుల శరీరంలో రేడియో పరికరాలు అమర్చి, వాటి వెంట నడిచి సంచారం తెలుసుకున్నారు. అలాంటి చోట పని చూడు. వేసవిలో కాదు, వానల్లోనే వెళ్లు. జలగలు పడతాయి, బట్టలు ఆరవు, ఓర్చుకో. కన్నడం నేర్చుకో. ఏ చెట్టు ఎప్పుడు పూస్తుందో ఆ ఊరివాళ్లను అడుగు, వాళ్లు చెప్పినదాన్ని వాళ్ల పేరుతోనే రాసుకో. మొదటి ఏడాది ఒక్క వాగు, దాని ఒడ్డున కొన్ని చెట్లు చాలు. ప్రతి చెట్టుకూ నంబరు బిళ్ల కట్టి, నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తున చుట్టుకొలత తీసుకో. పూత, కాయ, ఆకురాలు కాలం తేదీలతో నమోదు చెయ్యి.

అడవి వయసు ముందు మన ఆయుష్షు చాలదు. కాబట్టి నీ తర్వాత వచ్చే పిల్ల నీ నోట్‌బుక్ పట్టుకుని అదే చెట్టు దగ్గరికి చేరి, అదే ఎత్తున మళ్లీ కొలవగలగాలి. అంత స్పష్టంగా రాయి.

ఆశీస్సులతో,
తాతయ్య