పేరొకటి - తూకం వేరు

దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ వరకు సాగే రహదారి హైదరాబాదు తూర్పు భాగంలో పండ్ల వ్యాపారానికి పెట్టింది పేరు. ఈ రెండింటి నడుమ, కొత్తపేటలో, 1986లో ఏర్పడిన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు 2021లో బాటసింగారానికి తరలిపోయింది. అయినా దారి పొడవునా పండ్ల బండ్లు నేటికీ కనిపిస్తాయి. వాటి మీద చిన్న చీటీ అంటించిన విదేశీ ఆపిళ్లూ ఉంటాయి. ఇక్కడ వాటిని కిలోల్లో అమ్ముతారు. అమెరికాలో పెట్టెకెత్తినప్పుడు మాత్రం వాటి తూకం పౌండ్లలో ఉంటుంది. పౌండు కిలోగా మారేది కాగితం మీద. ఆ మార్పులో అంకె తప్పితే సరుకు ఓడరేవు దాటకపోవచ్చు.

కొలతలు తెలుగువారికి కొత్త కావు. పదకొండవ శతాబ్దిలోనే పావులూరి మల్లన మహావీరాచార్యుని గణిత గ్రంథాన్ని తెనిగించాడు. మన పూర్వులు ధాన్యాన్ని కుంచాలతో, తూములతో కొలిచారు. బెల్లాన్ని, చింతపండును వీసెలతో, మణుగులతో తూచారు. ఇందులో లోపం ఒక్కటే: పేరు ఒకటైనా ప్రమాణం ప్రాంతానికొకటి. మద్రాసు మణుగు 25 పౌండ్లు, అంటే సుమారు 11.34 కిలోలు. బ్రిటిష్ ఇండియా ప్రామాణిక మణుగు 40 సేర్లు, అంటే సుమారు 37.32 కిలోలు. పత్రంలో ‘పది మణుగులు’ అని ఉంటే అది 113 కిలోలా, 373 కిలోలా? ఈ చిక్కును తొలగించడానికే 1956లో తూనికలు కొలతల ప్రమాణాల చట్టం వచ్చింది. 1958 అక్టోబరు 1 నుండి మెట్రిక్ తూనికలు దశలవారీగా అమలయ్యాయి. నేడు 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం అమలులో ఉంది.

ఈ చిక్కు మనకే పరిమితం కాదు. అమెరికా గాలను సుమారు 3.785 లీటర్లు, బ్రిటిష్ గాలను సుమారు 4.546 లీటర్లు. అమెరికా టన్ను సుమారు 907 కిలోలు. మెట్రిక్ టన్ను 1000 కిలోలు. కనుక దిగుమతిదారు మొదట తెలుసుకోవలసింది కొలత పేరు కాదు, అది ఏ దేశపు కొలత అన్నది.

దిగుమతిదారు కస్టమ్స్ అధికారులకు సమర్పించే పత్రాన్ని ‘బిల్ ఆఫ్ ఎంట్రీ’ అంటారు. సుంకాల పట్టికలో ఆపిళ్లకు కొలమానం కిలోగ్రామే. 1959లో ఆంగ్లభాషా దేశాలు కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం ఒక పౌండు సరిగ్గా 0.45359237 కిలోగ్రాము. అప్పుడు 40 పౌండ్ల పెట్టె 18.14 కిలోలు తూగుతుంది.

సరుకు వెల, బీమా, రవాణా కలిపి కిలో ధర 50 రూపాయలు లేదా అంతకన్న తక్కువ అయితే ఆపిళ్ల దిగుమతిని కేంద్ర ప్రభుత్వం 2023 మే నెలలో నిషేధించింది, భూటానుకు మినహాయింపునిచ్చింది. ఆ నిబంధనకు లోబడి, పెట్టె ధర 1000 రూపాయలు అనుకుందాం. సరిగా లెక్కిస్తే కిలో ధర సుమారు 55 రూపాయలు, అనుమతి ఉంటుంది. ‘పౌండంటే అర కిలోయే కదా’ అని పెట్టెను 20 కిలోలుగా రాస్తే కిలో ధర సరిగ్గా 50 రూపాయలు, సరుకు నిషిద్ధమవుతుంది. పండ్లు అవే, సొమ్ము అదే. మారింది అంకె ఒక్కటే.

దశాంశాలను ముందే కుదించడమూ ప్రమాదమే. 0.45తో గుణిస్తే వెయ్యి పెట్టెలు 18,000 కిలోలు అవుతాయి. అసలు తూకంలో 143 కిలోలకు పైగా తగ్గిపోతుంది. అందుచేత పూర్తి గుణకంతో లెక్కించి, చివర మాత్రమే కుదించాలి. పెట్టెతో కలిసిన స్థూల బరువునూ, పండ్ల నికర బరువునూ వేరువేరుగా చూపాలి.

1983 జులై 23న ఎయిర్ కెనడా విమానమొకటి కిలోలకు బదులు పౌండ్ల గుణకం వాడినందున, కావలసిన ఇంధనంలో సగం కూడా లేకుండా బయలుదేరింది. నడిమింట ఇంజన్లు ఆగిపోయాయి. విమాన చోదకుల నేర్పు వల్ల గిమ్లీలో సురక్షితంగా దిగగలిగింది.

కొలతల మార్పిడి ఒక విధంగా అనువాదమే. మాట మారినా భావం చెడకూడదు; అంకె మారినా బరువు చెడకూడదు. తక్కెడ పట్టిన చేతికి ఎంత నిజాయితీ అవసరమో, కలం పట్టిన చేతికీ అంతే అవసరం.

కఠిన పదాలకు అర్థాలు
ప్రమాణం : నిర్ణీతమైన కొలత
గుణకం : హెచ్చవేయడానికి వాడే సంఖ్య
నికర బరువు : పెట్టె బరువు పోగా మిగిలిన సరుకు బరువు
నడిమిన్ను : ఆకాశ మధ్యం

ప్రశ్నలు
1. ‘పేరొకటి - తూకం వేరు’ అన్న శీర్షిక ఔచిత్యాన్ని మణుగు ఉదాహరణతో వివరించండి.
2. 50 పౌండ్ల పెట్టెలు 200 ఉంటే మొత్తం బరువు ఎన్ని కిలోలు?
3. కొలతల మార్పిడిని రచయిత అనువాదంతో ఎందుకు పోల్చారు?