చలికాలం పూలతోట: నీళ్లు ఆపడమూ ఒక పనే

శ్రీనివాసమంగాపురం దగ్గర శ్రీవారి మెట్టు దారి పట్టి 2,388 మెట్లు ఎక్కితే తిరుమల. మన చంద్రగిరి మడుల కంటే ఆ కొండ ఆరేడు వందల మీటర్ల ఎత్తు. వెయ్యి మీటర్లు పైకి పోతే సుమారు 6 డిగ్రీలు చల్లబడుతుందని లెక్క. అంటే ఇక్కడ దుప్పటితో గడిచే రాత్రి అక్కడ కంబళి అడుగుతుంది. ఆ కొండమీద తోట వేసి స్వామికి పూలు సమర్పించేదెవరని శ్రీరంగంలో రామానుజులు అడిగితే, శిష్యులంతా చలికి జంకారనీ, అనంతాళ్వారు ఒక్కరే లేచారనీ వైష్ణవ సంప్రదాయం చెబుతుంది. ఆయన భార్యతో కలిసి కొండకు చేరారు. ముందు చెరువు తవ్వకానికి పూనుకున్నారు. ఆయన తవ్వితే, నిండు చూలాలైన ఆమె మట్టి మోసింది. ఆమెకు సాయం చేయబోయిన ఒక బాలుడి మీదికి ఆయన విసిరారని చెప్పే గడ్డపార ఇప్పటికీ ఆలయ మహాద్వారం దగ్గర వేలాడుతోంది. ఆ దంపతుల తోట పురుశైవారి తోట పేరుతో నేటికీ ఉంది.

తోటకన్నా ముందు నీటి సంగతి చూశారు వాళ్లు. మనం కూడా అక్కడి నుంచే మొదలుపెడదాం. కాకపోతే మార్గశిర, పుష్య మాసాల్లో లెక్క తిరగబడుతుంది. నీళ్లు పెట్టడం కన్నా ఆపడమే పెద్ద పని.

మల్లె సంగతే తీసుకోండి. వేసవిలో విరగబూయాలంటే ఇప్పుడు చెట్టు కొన్నాళ్లు దాహంతో ఉండాలి. నవంబరు నుంచే తడులు ఆపమని పుస్తకాలు చెబుతాయి. అయితే మనది ఈశాన్య రుతుపవనాల ప్రాంతం, నవంబరులో మనం ఆపినా వాన ఆపదు. వాయుగుండాల భయం తగ్గి, నేల పైపొర ఎండాక కత్తెర పట్టడమే మన చోట తెలివైన పని. డిసెంబరు నెలాఖరు నుంచి జనవరి మధ్య వరకు వీలు. భూమి నుంచి 50 సెంటీమీటర్ల ఎత్తు ఉంచి పైకొమ్మలు కత్తిరించండి. ఎండుపుల్లలు, తెగులు తగిలిన కొమ్మలు, లోపలికి పెరిగిన సన్నకొమ్మలు మొదటికే తీసేయండి. మిగిలిన ఆకు దూసేయండి. కోసిన వెంటనే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి కొమ్మలు తడిసేలా పిచికారీ చేస్తే గాయాల గుండా తెగులు దిగదు.

తోటంతా ఒకేరోజు కత్తిరించకండి. మూడు భాగాలు చేసి, వారం పది రోజుల తేడాతో కత్తిరిస్తే పూత కూడా విడతలుగా వస్తుంది. తిరుపతి పూల అంగళ్లలో ఒకే వారం పూలన్నీ గుట్టపడితే ధర ఏమవుతుందో మీకు ఒకరు చెప్పక్కర్లేదు.

కత్తిరింపు అయ్యాక పాదు తవ్వి చెట్టుకు 10 కిలోల మాగిన పేడ ఎరువు వేయండి. దాంతోపాటు యూరియా 65, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 375, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 100 గ్రాములు. ఇది ఏడాది మోతాదులో సగమే, మిగతా సగం జూన్, జూలైలో. పచ్చి పేడ వేస్తే చెదలను పిలిచినట్టే. ఎరువు వేశాక మొదటి తడి ఇచ్చి, చిగురు కనిపించాకే మళ్లీ తడులు మొదలుపెట్టండి.

చామంతి వేరే రకం మొక్క. పగలు పొట్టిదైతేనే దానికి మొగ్గ పుడుతుంది, అందుకే చలికాలంలో పూస్తుంది. వీధిదీపం వెలుగు రాత్రంతా పడే సాళ్లలో పూత ఆలస్యమైతే తెగులనుకుని మందులు కొట్టకండి, దీపానికి అడ్డు కట్టండి. పూలు అయిపోయిన మొక్కను నేలమట్టంగా కోసి నీరు పెడితే పిలకలు వస్తాయి. వచ్చే ఏడాదికి నారు అవే. కనకాంబరానికి చలి గిట్టదు, ఈ రెండు నెలలు దిగుబడి తగ్గితే కంగారుపడి ఎరువులు గుమ్మరించడం దండగ. గులాబీ ఆకుల మీద బూడిద తెగులు కనిపిస్తే లీటరుకు 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం చాలు. తడి ఏ పూలమొక్కకైనా పొద్దున ఇవ్వండి. సాయంత్రం ఆకులు తడిపితే మంచుతో కలిసి తెల్లవార్లూ ఆరవు, తెగులుకు కావలసింది అదే.

మామిడి ఉన్నవారికి ఒక్కమాట. పూత పూర్తిగా బయటపడి పిందె బఠాణీ గింజంత అయ్యేదాకా తడి ఇవ్వకండి. ముందే ఇస్తే పూతకు బదులు చిగురు వస్తుంది.

ఇక ఇంకో సంగతి. పూలతోట ఎక్కడైనా ఇద్దరి పని. కత్తిరింపు, మందు, బేరం మగవాళ్లు చూస్తే, తెల్లవారకముందే మొగ్గలు కోసేది ఎక్కువగా ఆడవాళ్లే. మల్లెమొగ్గకు రంధ్రం పడినా, మొగ్గ గులాబీ రంగుకు తిరిగి రాలుతున్నా ముందు వాళ్ల వేళ్లకే తెలుస్తుంది. ఆ రోజే అలాంటి మొగ్గలు ఏరి కాల్చేసి, లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె కొడితే పురుగు మందుల ఖర్చు చాలావరకు తప్పుతుంది. కానీ సలహా సమావేశాలకు వచ్చేది మాత్రం మగవాళ్లు. ఈసారి రైతు సేవా కేంద్రంలో పూలసాగు మీద మాట్లాడితే ఇద్దరూ వెళ్లండి. ఒక్కరికే వీలైతే మొగ్గలు కోసేవారిని పంపండి.