వేటకాలము – నిజానిజములు
అడవి అంచు గ్రామముల పంచాయతీ సభ్యులకు ఒక పాఠము

వేట మన ప్రాంతమున క్రొత్త మాట కాదు. గోదావరి ఒడ్డునుండి కిన్నెరసాని లోయ వరకు వ్యాపించిన అడవులలో తాతముత్తాతల వేటకథలు చెప్పుకొనని ఊరు లేదు. "వేటకాలము వచ్చినది, నలుగురు మిత్రులము కలిసి జింకను కొట్టుకొని వత్తము" అను మాట నేటికిని అక్కడక్కడ వినబడుచున్నది. పినపాక వంటి మండలములలోని పంచాయతీ సభ్యులు ఈ మాటలో నిజమెంతయో తెలిసికొనుట మిక్కిలి అవసరము. ఏలయన, దీనిని నమ్మి రాత్రివేళ అడవిలోనికి పోయిన యువకుడు జైలుపాలైనచో, వాని తల్లిదండ్రులు మొట్టమొదట వచ్చునది సర్పంచు గడపకే.

వేటకాలమన నేమి?

పూర్వము అడవులను షికారు బ్లాకులుగా విభజించి, రుసుము పుచ్చుకొని వేటకు లైసెన్సులిచ్చుచుండిరి. ఏ జంతువును కొట్టవచ్చునో, ఎన్నింటిని కొట్టవచ్చునో, ఏ నెలలలో కొట్టవచ్చునో అందు వ్రాసియుండెడిది. మృగములు పిల్లలను కను కాలమున వేటను మూసివేయుట, తక్కిన కాలమున తెరచుట ఈ పద్ధతికి మూలము. బ్రిటిషు ఇండియాలో 1912 నాటి చట్టము ఇట్టి మూసివేత కాలమును ప్రకటించు అధికారమును ప్రభుత్వములకు ఇచ్చినది.

ఈ పద్ధతి కొన్ని దేశములలో నేటికిని కలదు. అమెరికాలో ప్రాంగ్‌హార్న్ అను జింకవంటి మృగము ఇరువదవ శతాబ్ది ఆరంభమున మిక్కిలి తగ్గిపోగా, వేటను అరికట్టి దానిని మరల పెంచిరి. ఇప్పుడు ఏటేట మందలను లెక్కించి, ఆ లెక్కనుబట్టి అనుమతి చీట్లు ఇచ్చుచున్నారు. తుపాకులపైనను, తూటాలపైనను వేసిన పన్నును వన్యమృగ రక్షణకు మళ్ళించు చట్టమును 1937లో చేసిరి. అనగా అక్కడి వేటకాలము లెక్కలపై నిలిచిన ఏర్పాటు.

మన దేశమున జరిగినది వేరు. హైదరాబాదు సంస్థానములో పెంపుడు చీతాలను కృష్ణజింకలపైకి వదలి వేటాడుట ప్రభువుల వినోదము. 1893లో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండు హైదరాబాదునకు వచ్చినపుడును ఇట్టి వేట జరిగినది. కాలక్రమమున జింకలు తరిగినవి. వానిని తరిమిన చీతాలును తరిగినవి. 1947లో సర్గూజా ప్రాంతపు సంస్థానాధీశుడొకరు మూడు చీతాలను కాల్చిన పిమ్మట, 1952 నాటికి ఆ జాతి మన దేశమున అంతరించినదని ప్రకటించిరి. దానిని మరల చూచుటకు 2022లో ఆఫ్రికానుండి తెచ్చుకొనవలసి వచ్చినది.

ఈ అనుభవమునుండియే 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. 1991 సవరణతో వినోదపు వేటకు లైసెన్సులిచ్చు పద్ధతి తొలగినది. కావున నేడు మన దేశమున జింకలకు వేటకాలమనునది ఏ నెలలోను లేదు.

మన అడవిలోని మృగములు

మనము వాడుకలో అన్నిటిని జింకలే అందుము. కాని ఇందు రెండు జాతులు కలవు. దుప్పి, కణుజు కొమ్ములు కొమ్మలుగా చీలి, ఎప్పటికప్పుడు రాలిపోయి మరల మొలచును. కృష్ణజింక, మనుబోతు, కొండగొర్రె కొమ్ములు చీలవు, రాలవు, జీవితాంతము నిలిచియుండును.

కృష్ణజింక మైదానపు మృగము. దట్టమైన అడవి దానికి ఇల్లు కాదు. హైదరాబాదు శివారున మహావీర్ హరిణ వనస్థలిలో దానిని చూడవచ్చును. మన వంటి అడవులకు చెందినది కొండగొర్రె. పోతునకు నాలుగు కొమ్ములుండుట దీని ప్రత్యేకత. ఇది మందలుగా తిరుగదు. ఒంటిగానో జంటగానో గడ్డిలో దాగియుండును. దాదాపు ఎనిమిది నెలలు మోసి ఒకటి రెండు పిల్లలను మాత్రమే కనును. నీరు దగ్గర లేనిచో బ్రతుకజాలదు. వేసవిలో నీటిమడుగు ప్రక్కన పన్నిన ఒక్క ఉచ్చు ఆ చుట్టుప్రక్కల కొండగొర్రెల నన్నిటిని తుడిచిపెట్టగలదు.

చట్టమేమి చెప్పుచున్నది?

తుపాకితో కొట్టుట మాత్రమే వేట కాదు. ఉచ్చు పన్నుట, విషము పెట్టుట, తరుముట, ఇట్టివానికి ప్రయత్నించుట కూడ చట్టము దృష్టిలో వేటయే. కృష్ణజింక, కొండగొర్రె 1వ షెడ్యూలునకు చెందినవి. వానిని వేటాడినవారికి 3 సంవత్సరములకు తక్కువ కాకుండ 7 సంవత్సరముల వరకు జైలు, 25,000 రూపాయలకు తక్కువ కాని జరిమానా విధింపబడును. తక్కిన నేరములలో పెక్కింటికి 3 సంవత్సరముల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండును. వాడిన వాహనము, ఆయుధము స్వాధీనమగును.

ప్రాణరక్షణకై సద్భావముతో చేసినది నేరము కాదు. పంటను పాడుచేయు కొన్ని జంతువుల విషయమున అటవీ అధికారులు వ్రాతపూర్వకముగా అనుమతి ఇయ్యవచ్చును. ఆ అనుమతి లేక ఎవరికి వారు నిర్ణయించుకొనరాదు.

2006 నాటి అటవీ హక్కుల చట్టము గిరిజనులకు భూమిపైనను, చిన్నతరహా అటవీ ఉత్పత్తులపైనను హక్కులను గుర్తించినది. వేట హక్కును మాత్రము మినహాయించినది. అదే చట్టములోని 5వ సెక్షను అడవిని, వన్యప్రాణులను కాపాడు అధికారమును గ్రామసభకు ఇచ్చినది. అనగా మృగరక్షణ అటవీశాఖ పని మాత్రమే కాదు. మన పని కూడ.

సాక్ష్యము విలువ

1998లో రాజస్థానములోని కంకాణీ గ్రామమున కృష్ణజింకలు చంపబడినవి. సినిమా చిత్రీకరణకు వచ్చిన ప్రసిద్ధ నటుడొకరిపై కేసు నడిచినది. ఆ ప్రాంతపు విష్ణోయీలు ఇరువది ఏండ్లు పట్టు విడువలేదు. 2018లో జోధ్‌పూరు న్యాయస్థానము ఆయనకు 5 సంవత్సరముల శిక్ష విధించినది. ఆయన అప్పీలు చేసికొనెను. పేరుగల మనిషిని న్యాయస్థానము ముందు నిలిపినది సామాన్య గ్రామస్థుల సాక్ష్యము.

పండుగ వేట

విత్తనములు చల్లుటకు ముందు కోయలు జరుపుకొను భూమి పండుగలో పురుషులు విల్లంబులతో అడవికి పోవుట పూర్వాచారము. దక్కిన మాంసమును ఊరంతయు పంచుకొనెడివారు. జీపులో దీపము వేసికొని వచ్చి, మాంసము అమ్ముకొను వేటకును దీనికిని పోలిక లేదు. అయినను చట్టము రెంటిని ఒకే తీరున చూచును. పండుగను మానవలెనని ఎవరును చెప్పుట లేదు. విత్తన పూజ, ఆటపాటలు, ఊరిపెద్దల మర్యాద యథాతథముగా జరుపుకొని, వేటను ఏ రూపమున ఉంచవలెనో పటేలు, పూజారి, మహిళలు, యువకులు గ్రామసభలో కూర్చుండి నిర్ణయించుకొనుట మేలు. పైనుండి వచ్చిన ఆజ్ఞకంటె ఊరు చేసికొన్న కట్టుబాటు ఎక్కువ కాలము నిలుచును.

పంచాయతీ చేయవలసిన పనులు

1. పండుగకు ముందును, వేసవి ఆరంభమునను దండోరా వేయించి చట్టమును తెలియజేయవలెను.
2. పట్టణమునుండి వచ్చిన మిత్రులకు దారి చూపినవాడును నేరములో భాగస్వామియగునని యువకులకు చెప్పవలెను. తుపాకి పట్టినవాడు వాహనమెక్కి పోవును; దారి చూపినవాడు ఊరిలోనే దొరకును.
3. పొలముల చుట్టు కరెంటు తీగలు పెట్టనీయరాదు. అడవిపందికని పెట్టిన తీగ దుప్పిని, పశువును, తెల్లవారుజామున పొలమునకు పోవు మనిషిని కూడ చంపును.
4. పంట నష్టమైన రైతును ఒంటరిగా విడువరాదు. నష్టమును వెంటనే చూచి వ్రాయించి, పరిహారమునకు అటవీశాఖకు దరఖాస్తు పెట్టించవలెను. ఈ సాయము అందిననాడే రైతు తీగను విడిచిపెట్టును.
5. మడుగులు ఎండిన నెలలలో అటవీ సిబ్బందితో కలిసి ఉచ్చులను వెదకి తీయించవలెను.

సభలో చర్చింపదగిన ప్రశ్నలు

1. మన ఊరి అడవిలో కొండగొర్రెను చివరిసారి చూచినది ఎవరు? ఎప్పుడు?
2. గత పంటకాలమున మృగములవలన నష్టపోయిన రైతులెందరు? వారిలో దరఖాస్తు పెట్టినవారెందరు?
3. రాత్రివేళ తెలియని వాహనము అడవిలోనికి పోయినచో, మొదట ఎవరికి కబురు చేయవలెను?
4. రాబోవు భూమి పండుగకు మన ఊరి కట్టుబాటు ఏది?