రావి చెట్టుకు బ్యాకప్ ఉందా?

అనకాపల్లి దగ్గర శంకరం అనే ఊరుంది. ఆ పేరు 'సంఘారామం' నుంచి వచ్చిందంటారు. అక్కడి బొజ్జన్నకొండ, లింగాలకొండల మీద బౌద్ధ స్తూపాలు, గుహలు ఉన్నాయి. 1907–08లో అలెగ్జాండర్ రీ అక్కడ తవ్వకాలు జరిపాడు. ఎవరూ పట్టించుకోకపోయినా ఇటుకలు శతాబ్దాల పాటు మట్టిలో ఆగాయి. చెట్టు అలా ఆగదు. ఒక్క తరం వదిలేసినా అది పోవచ్చు, తవ్వి తెచ్చుకోలేం. అందుకే పాత చెట్టుని కాపాడటం పాత కట్టడాన్ని కాపాడటం లాంటిది కాదు.

బౌద్ధంలో రావి చెట్టు చాలా ముఖ్యం. బుద్ధుడికి జ్ఞానోదయం అయింది బుద్ధగయలో రావి చెట్టు కిందే. మన అమరావతి శిల్పాల్లో చాలా చోట్ల బుద్ధుడి బొమ్మ ఉండదు. ఖాళీ ఆసనం, వెనకాల బోధివృక్షం ఉంటాయి. అంటే చెట్టే బుద్ధుడి గుర్తు.

మరి ఆ చెట్టు ఇన్నేళ్లు ఎలా నిలిచింది? నిజానికి బుద్ధగయలో ఇప్పుడున్నది మొదటి చెట్టు కాదు. పాతది 1876లో గాలివానకి పడిపోతే, 1881లో అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ అక్కడే కొత్త మొక్క నాటించాడు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే అశోకుడి కూతురు సంఘమిత్ర ఆ చెట్టు కొమ్మని శ్రీలంకకి తీసుకెళ్లిందని మహావంశం చెబుతుంది. క్రీ.పూ. 288లో నాటారని చెప్పే ఆ చెట్టు అనురాధపురంలో ఇప్పటికీ ఉంది. మా సీఎస్ఈ వాళ్ల భాషలో ఇది ఆఫ్‌సైట్ బ్యాకప్. ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. విత్తనం నుంచి వచ్చింది ఆ చెట్టుకి బిడ్డ. కొమ్మ నుంచి వచ్చింది అవే జన్యువులున్న అదే చెట్టు.

బ్యాకప్ ఉంటే చాలా? చాలదు, మెయింటెనెన్స్ కూడా కావాలి. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి బౌద్ధ స్థలం కాదు కానీ మంచి ఉదాహరణ. సుమారు 700 ఏళ్లదని చెప్పే ఆ మర్రికి చెదలు పట్టి, 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగిపడింది. 2018లో క్లోరోపైరిఫాస్ మందుని పలచన చేసి, సెలైన్ సీసాలతో చుక్కచుక్కగా చెట్టులోకి ఎక్కించారు. కొమ్మలకి ఆసరాలు కట్టారు. బుద్ధగయ చెట్టు కొమ్మలకి కూడా ఇనుప ఆసరాలుంటాయి. డెహ్రాడూన్ అటవీ పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు దాని ఆరోగ్యం చూస్తుంటారు.

ఇక మా ఊరి సంగతి. మాది గొలుగొండ. మా వైపు రావి, వేప కలిపి పెంచి చుట్టూ అరుగు కట్టడం మామూలే. ఇప్పుడు మా వీధి చెట్టుకి మొదలంటా సిమెంటు పోసి టైల్స్ వేద్దామంటున్నారు పెద్దలు. వాళ్లది భక్తే. కానీ వేర్లకీ గాలి కావాలి. నీళ్లు, పోషకాలు పీల్చే సన్న వేర్లు ఎక్కువగా పైమట్టిలోనే ఉంటాయి. సిమెంటు కప్పితే వాన నీరు దిగదు, గాలి ఆడదు. మాను లావయ్యేకొద్దీ సిమెంటు అంచు బెరడుని నొక్కేస్తుంది. ఆకుల్లో తయారైన ఆహారం వేర్లకి వెళ్లే దారి ఆ బెరడులోనే ఉంది.

ఇదంతా మా పెదనాన్నకి చెప్తే, "మరి కూర్చోడానికేం చేద్దాంరా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. నాకు తోచిన జవాబులివి:

1. అరుగు మానుకి కొన్ని అడుగుల దూరంలో కట్టాలి. మధ్యలో మట్టిని అలాగే వదిలేయాలి.
2. దీపాలు మొదట్లో పెట్టకుండా విడిగా ఒక దిమ్మ కట్టాలి. మంట తగిలితే బెరడు కాలుతుంది.
3. రాలిన ఆకుల్ని తగలబెట్టకుండా ఆ మట్టి మీదే పరచాలి. తేమ నిలుస్తుంది.
4. వానాకాలంలో ఒక కొమ్మని వేరు తొడిగించి, గోడలకి, ఇళ్లకి దూరంగా నాటాలి.

పెదనాన్న మొదటిదానికి ఒప్పుకున్నారు. మిగతా పెద్దలతో మాట్లాడాల్సి ఉంది. సెలవులకి మీ ఊరెళ్తే మీ రావి చెట్టు మొదలు ఒకసారి చూడండి. మట్టి కనిపిస్తోందా, సిమెంటా?