ఆకాశమున దూకు మిత్రులు

మన సీమలో ఈత నేర్చినవారిలో పెక్కండ్రు మొదట బావిలో దూకినవారే. పులివెందుల ప్రాంతపు పల్లెలలో మోటబావులు నీటితో నిండియున్న దినములలో, వేసవి మధ్యాహ్నము వచ్చినదన్న బాలురందరును బావిగట్టున చేరెడివారు. క్రొత్తవాని నడుమునకు ఎండిన సొరబుర్రలు కట్టి, త్రాటికొనను పెద్దవాడొకడు చేతబట్టుకొని, "ఇక దూకుము" అనెడివాడు. దూకినవాడు వీరుడు. వెనుదీసినవాడు ఆ వేసవి యంతయు పిరికివాడే. గట్టుమీది పరిహాసములకు తాళలేక, త్రాడు లేకయే, ఈత రాకయే దూకినవారును లేకపోలేదు. నేడు బోరుబావులు వచ్చి మోటబావులు చాలవరకు ఎండినవి. ఆ పరిహాసము మాత్రము ఎండలేదు. గండికోట లోయ యంచున మిత్రుని నిలిపి, "ఇంకొక యడుగు వెనుకకు జరుగుము, పటము బాగుగా వచ్చును" అని పురికొల్పు యువకులను చూచినవారికి ఈ సంగతి తెలియును.

నీటిలోనికి గాక గాలిలోనికి దూకుటను వినోదముగా పెట్టుకొన్నవారు ప్రపంచమున అనేకులు కలరు. ఆ క్రీడకు స్కైడైవింగ్ అని పేరు. విహారయాత్రకు పోయి, శిక్షకుని శరీరమునకు తమ్ము కట్టించుకొని, ఒక్కమారు దూకి, ఆ చలనచిత్రమును బంధువులకు పంపువారిని గూర్చి ఇచ్చట చెప్పుట లేదు. అట్టివారు దుబాయిలోను, అమెరికాలోను మన తెలుగువారిలోనే చాలమంది యున్నారు. వారాంతము వచ్చినదన్న మూటముల్లె సర్దుకొని విమానతలమునకు పోయి, దినమంతయు అచ్చటనే గడపువారు వేరు. ఈ పాఠము వారిని గూర్చినది.

మొదట, వారు దూకు ఎత్తు ఎంతయో తెలిసికొందము. జమ్మలమడుగునకు పడమరగా పెన్నానది ఎర్రమల కొండలను చీల్చుకొనిపోవు చోట గండికోట యున్నది. ఆ లోయ లోతు సుమారు 300 అడుగులు. స్కైడైవింగ్ చేయువారిని విమానము సుమారు 12,000 అడుగుల ఎత్తునకు కొనిపోవును. అనగా గండికోట లోయలు నలువదింటిని ఒకదానిపై నొకటి పేర్చినంత యెత్తు. దూకిన పిమ్మట పది పండ్రెండు సెకండ్లవరకు వేగము పెరుగుచు పోవును. తరువాత గాలి ఒత్తిడి మనిషి బరువుతో సరితూగును గనుక వేగము ఇక పెరుగదు. గంటకు 190 కిలోమీటర్ల చొప్పున నిలకడగా క్రిందికి వచ్చుచుందురు. ఆ వేగమున గండికోట లోయ యంచునుండి నీటివరకు రెండు సెకండ్లు కూడ పట్టదు. అయినను దూకినవారికి పడుచున్నట్లు తోచదట; గాలిమీద బోరగిల పండుకొన్నట్లుండునట. ముప్పాతిక నిమిషమునకు మించి ఇట్లు వచ్చి, ఇంచుమించు 4,000 అడుగుల యెత్తున పారాచూటు విప్పుదురు. అచ్చటినుండి నేలకు దిగుటకు కొన్ని నిమిషములు పట్టును.

ఇంతటి వేగమును ఆపునది ఒక గుడ్డ.

ఆ గుడ్డ కథ ప్రొద్దుటూరు, జమ్మలమడుగు నేతగాండ్ర పిల్లలు వినదగినది. 1797వ సంవత్సరమున ఆంద్రే గార్నరాన్ అను ఫ్రెంచివాడు పారిస్ నగరముపై బెలూను నుండి పట్టుగొడుగుతో దిగెను. మన దేశమున 1890లో కలకత్తాయందు రామచంద్ర ఛటర్జీ అను వంగీయుడు బెలూనునుండి పారాచూటుతో దిగి, ఆ పని చేసిన మొదటి భారతీయుడని పేరొందెను. చిరకాలము పారాచూట్లను పట్టుతోనే కుట్టిరి. రెండవ ప్రపంచయుద్ధమున జపాను పట్టు అమెరికాకు అందకపోవుటచే నైలాను ఆ స్థానమును ఆక్రమించెను. యుద్ధానంతరము ఐరోపాలో ఎందరో వధువులు మిగిలిపోయిన పారాచూటు గుడ్డతో పెండ్లిదుస్తులు కుట్టించుకొనిరి.

ఈ నైలాను గుడ్డ నేతలో ఒక యుక్తి కలదు. పడుగులోను, పేకలోను కొలత ప్రకారము అచ్చటచ్చట దళసరి దారమును చేర్చి, గుడ్డయంతయు చిన్న చిన్న గళ్ళుగా నేయుదురు. ఒక గడిలో చినుగు మొదలైనను దళసరి దారము కడ ఆగిపోవును. ప్రక్క గడికి ప్రాకదు. మగ్గము నెరిగిన వానికి ఈ సంగతి చెప్పిన అరనిమిషములో గ్రహించును. చదువుకొన్నవారికే బొమ్మ గీసి చూపవలసి వచ్చును. నేటి పారాచూటు గొడుగు ఆకారమున గాక, పరుపువలె దీర్ఘచతురస్రముగా ఉండును. ముందువైపున నోళ్ళు తెరచియుండుటచే గాలి లోనికి చొరబడి, అది విమానపు రెక్కవలె బిగిసి నిలుచును. 1964లో దీనిని కనిపెట్టిన డొమినా జాల్బర్ట్ గాలిపటములు చేయుటలో సిద్ధహస్తుడు. శిక్షణలో నున్నవారి పారాచూటు వైశాల్యము సుమారు 270 చదరపు అడుగులు, అనగా నాలుగు చీరలు పరచినంత. పైపొర, క్రిందిపొర రెండును లెక్కించిన ఎనిమిది చీరల గుడ్డ. దానినంతటిని వీపున మోయు సంచిలో ఇమిడ్చవలెను.

ఈ ఇమిడ్చుటలోనే వారి దినము సగము గడచును. దూకుట ఒక నిమిషము, మడచుట పావుగంట. పెద్ద కొట్టమువంటి శాలలో చాపలు పరచి, ఒకరి ప్రక్క నొకరు మోకాళ్ళపై కూర్చుండి, త్రాళ్ళను చిక్కులేకుండ సరిచూచి, గుడ్డను మడత పెట్టి, దానిమీద పండుకొని లోని గాలిని వెడలగొట్టుదురు. క్రొత్త గుడ్డ మిక్కిలి జారుడుగా ఉండును. ఒకవైపు అణచిన మరియొకవైపు ఉబుకును. క్రొత్త పారాచూటు కొన్నవాడు దానితో కుస్తీ పట్టుచుండగా చుట్టునున్నవారికి అంతకు మించిన వినోదము లేదు. ప్రాయికముగా ఎవరి పారాచూటును వారే మడచుకొందురు. ప్రతి సంచిలోను ఆపత్కాలమునకై రెండవ పారాచూటు ఉండును. దానిని మాత్రము అనుమతి పత్రము పొందిన నిపుణుడే మడచవలెను. ఉపయోగింపకపోయినను అమెరికాలో 180 దినములలోపల దానిని విప్పి, పరీక్షించి, మరల మడచవలెనను నియమము కలదు. ఇదిగాక 1991లో జర్మనీలో తయారైన సైప్రెస్ అను చిన్న యంత్రము వంటివి వచ్చినవి. మనిషి స్పృహ తప్పి, పారాచూటు విప్పకయే సుమారు 750 అడుగుల యెత్తునకు వచ్చినచో ఆ యంత్రము తానే రెండవ పారాచూటును విడిపించును. దానిని నమ్ముకొని దూకువానిని ఎవరును మెచ్చరు.

మన దేశమున ఈ విద్య సైన్యముచే పెరిగినది. వైమానికదళమునకు చెందిన ఆకాశగంగ అను బృందము 1987లో ఏర్పడినది. రైల్వే ఉద్యోగినియగు రేచల్ థామస్ 1979లో మొదటిమారు దూకి, 2002లో ఉత్తర ధ్రువమున దిగెను. పూనా నగరమునకు చెందిన శీతల్ మహాజన్ 2004లో ఉత్తర ధ్రువమునను, 2006లో అంటార్కిటికాలోను దూకెను. ఇరువురును పద్మశ్రీలు. ఇక అనేకులు కలసి దూకుటలో గొప్ప ఘట్టము 2006లో థాయిలాండు దేశపు ఉదోన్ థానీలో జరిగినది. 400 మంది ఆకాశమున ఒకరి నొకరు పట్టుకొని ఒకే వలయముగా 4.25 సెకండ్లు నిలిచిరి. ఒక్కడు వేగము తప్పి వచ్చి తాకినను అంతయు చెదరిపోవలసినదే.

ఇట్టి మహాకార్యములు కొందరికే. తక్కినవారి దినము ఎక్కువగా గాలికై ఎదురుచూచుటలో గడచును. మేఘము క్రిందికి వచ్చినను, గాలి విసరినను విమానము లేవదు. విమానతలమున కట్టిన గాలిసంచి వంక చూచుచు, పాత కథలు చెప్పుకొనుచుందురు. ఒకడు గురి తప్పి రైతు పొలములో దిగి రెండుమైళ్ళు నడచిన కథ. మరియొకడు నలుగురు చూచుచుండగా చక్కగా దిగబోయి పిరుదులపై కూలిన కథ. గురిపోటీలలో కాలిమడమ మోపవలసిన బిందువు రెండు సెంటీమీటర్ల వెడల్పు మాత్రమే. వీరిలో కొందరికి విమానతలమంతయు చాలదు! "ఎన్ని దూకుళ్ళు?" అనునది అచ్చటి కులగోత్రముల ప్రశ్న. నూరు దాటినవాడు తనకు సర్వము తెలియుననుకొనును. వేయి దాటినవాడు మాటలాడడు. చక్కగా నున్న విమానమునుండి ఎందుకు దూకుదురని అడుగు బయటివారికి వారు ఒక ముద్దుపేరు పెట్టియున్నారు. మన భాషలో దానిని "ఎందుకయ్యలు" అనవచ్చును.

మరియొక యాచారము: ఏ పని మొదటిసారి చేసినను ఆ సాయంకాలము మిత్రులకు విందు బాకీ. సాధారణముగా అది మద్యపానము. దినములోని చివరి దూకుడు ముగియునంతవరకు దానిని ముట్టరాదని కట్టుబాటు. మన విద్యార్థులు దానికి బదులు కజ్జికాయలనుకొన్న సరిపోవును. నూరవ దూకుడు ముగించినవాని ముఖమునకు మీగడ నిండిన పిండివంటను మెత్తుట కూడ కలదు.

ఈ పరిహాసము రెండు చోట్ల ఆగిపోవును. విమానము ఎక్కుటకు ముందును, దూకుటకు ముందును ఒకరి సంచిని మరియొకరు పరీక్షింతురు. వీపుమీది పిన్నును తాను చూచుకొనలేడు గదా! ఆ సమయమున ఎంతటి హాస్యగాడైనను నోరు మెదపడు. రెండవది మరింత విశేషమైనది. పైకి పోయిన పిమ్మట ఎవడైనను దూకనని విమానములోనే తిరిగివచ్చినచో అతనిని ఎవరును వెక్కిరింపరాదు. దినమంతయు ఒకరి నొకరు ఆటపట్టించుకొనువారు ఈ ఒక్కదానిని విడిచిపెట్టుట వింతగా తోచవచ్చును. ఆలోచించిన, నవ్వుటకు ఇంతకన్న అనువైన సందర్భము లేదు. ప్రాణమునకు ఇంతకన్న అపాయమైన నవ్వును లేదు. నవ్వుదురను భయముతో తలుపు కడకు పోయినవాని చేయి త్రాటిని సరిగా వెదకలేదు, కన్ను ఎత్తును సరిగా చదువలేదు.

ఒక యుదాహరణము కల్పించి చూతము. అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున ఫీనిక్స్, టూసాన్ నగరముల నడుమ ఈలాయ్ అను ఊరున్నది. ఎడారి ప్రాంతము. ఈ క్రీడకు అది పేరుమోసిన స్థలము. ఫీనిక్సులో ఉద్యోగము చేయు జమ్మలమడుగు వాడొకడును, పులివెందుల వాడొకడును అచ్చటికి వచ్చియున్నారనుకొనుడు. మొదటివాడు మున్నూరుమార్లు దూకినవాడు. రెండవవాడు శిక్షణలో పదునేడు ముగించినవాడు.

"అన్నా! గాలి తగ్గునందువా?" అని చిన్నవాడు అడిగెను.

"తగ్గినచో పైన కలిసికొందము. తగ్గనిచో మీ యమ్మ పంపిన కజ్జికాయల కడ కలిసికొందము. నాకు రెండును సమ్మతమే."

దూరమున ఎఱ్ఱని దుమ్ము స్తంభమువలె లేచి తిరుగుచుండెను. సుడిగాలి! ఎండ కాగిన నేలమీద గాలి గిరగిర తిరుగుచు పైకి లేచుటచే అది పుట్టును. నేలకు దగ్గరగా వచ్చిన పారాచూటు దానిలో చిక్కినచో గాలి చెదరి ముడుచుకొనిపోవును.

"పులివెందుల చేలలో చైత్రవైశాఖములందు దీనిని దినమునకు పది చూచెడివాడను. దయ్యము పోవుచున్నదని మా అవ్వ చెప్పెడిది," అని చిన్నవాడు పలికెను.

"మీ అవ్వ చెప్పినది ఇచ్చటి శిక్షకులు చెప్పినదానికన్న మేలు. దయ్యమని తలచినవాడు దాని దాపునకు పోడు."

మధ్యాహ్నము దాటిన తరువాత గాలి కొంత తగ్గినది. విమానము లేచినది. పెద్దవాడు చిన్నవాని వీపుమీది పిన్నును, ఛాతీపట్టీని, కాలిపట్టీలను ఒక్కొక్కటిగా తాకి చూచెను. తలుపు తెరచిరి. చిన్నవాడు అంచువరకు పోయి, క్రిందికి చూచి, తల అడ్డముగా ఊపి వెనుకకు వచ్చి కూర్చుండెను. శిక్షకుడు అతని భుజము తట్టి, నడుమునకు పట్టీ బిగించెను. తక్కినవారు దూకిరి.

నేలమీద దిగిన జమ్మలమడుగు వాడు గుడ్డను చంకనిడుకొని శాలకు వచ్చుసరికి, చిన్నవాడు అచ్చట చాప పరచి త్రాళ్ళు సరిచేయుటకు సిద్ధముగా ఉండెను.

"ఏమో అన్నా, మనసొప్పలేదు," అనెను.

"ఆ కొన పట్టుకొనుము, గాలి వెడలగొట్టవలెను," అని పెద్దవాడు గుడ్డమీద పండుకొనెను. ప్రక్కచాపమీద నొకడు క్రొత్త పారాచూటుతో పెనగులాడుచుండగా ఇద్దరును అటు తిరిగి నవ్వసాగిరి.

దూకువారందరికి తలకొక పుస్తకముండును. తేదీ, విమానము, ఎత్తు, చేసిన పని వ్రాసికొని, చూచినవారిచే సంతకము చేయించుకొందురు. మరునాడు తెల్లవారుజామున గాలి నిలిచియుండెను. పులివెందుల వాని పుస్తకమున ఆ దినపు పుటలో "18" అను సంఖ్యయు, శిక్షకుని సంతకమును, దాని ప్రక్క పెద్దవాడు తెలుగున వ్రాసిన ఒక పంక్తియు ఉన్నవి: "కాళ్ళమీద నిలిచి దిగినాడు, కజ్జికాయలు బాకీ."